ల్యాబ్ వజ్రం వచ్చింది, మరి మన రవ్వల గతి?

మా కోనసీమలో సెంటు అంటే భూమి. ఎకరానికి 100 సెంట్లు. రవ్వల బేరంలోనూ సెంట్లే, క్యారెట్‌కు 100. మాట ఒకటే కావడం వల్ల కాబోలు, రవ్వలు కూడా కొబ్బరితోటలా ఏటా ధర పెరుగుతాయని అమలాపురంలో మా కొట్టుకు వచ్చేవాళ్లలో చాలామంది నమ్మకం. ల్యాబ్ వజ్రాలు వచ్చాక ఆ నమ్మకం కాస్తా భయమైంది.

అపోహ: ల్యాబ్ వజ్రం నకిలీది.

వాస్తవం: నకిలీ అంటే అమెరికన్ డైమండ్. అది జిర్కోనియా. ల్యాబ్ వజ్రం మాత్రం గనిలో దొరికే దానిలాగే కర్బనం, కాఠిన్యమూ అదే, మోస్ కొలతలో అన్నిటికన్నా పైనున్న 10. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1954లోనే దీన్ని తయారుచేసింది. మా దగ్గరుండే పెన్ను టెస్టరు వేడి ఎంత త్వరగా పాకుతుందో చూస్తుంది కాబట్టి రెండింటికీ ఒకేలా కూత పెడుతుంది. ప్రతి వజ్రాన్నీ భూతద్దంతోనే తేల్చేస్తానని ఎవరైనా అంటే నమ్మకండి. అది యంత్రాల పని.

అపోహ: దీని దెబ్బకు రత్నాలన్నీ విలువ కోల్పోతాయి.

వాస్తవం: పోయిన శ్రావణంలో పాలకొల్లు నుంచి ఒక పెద్దావిడ కెంపుల అడ్డిగ తెచ్చారు. "మా మామ్మది బాబూ. ల్యాబ్ రాళ్లు పుట్టకముందు కొన్నది" అన్నారు. భూతద్దం కింద పెట్టాను. కెంపు లోపల గ్రామఫోను రికార్డు మీద ఉన్నట్టు సన్నటి వంపు గీతలు, పక్కనే రెండు గాలి బుడగలు. నేలలో పెరిగిన కెంపులో గీతలు నిటారుగా ఉంటాయి, వంపు తిరగవు. మంటలో పొడి కరిగించి కెంపు చేసే పద్ధతిని ఫ్రాన్సులో వెర్నాయ్ అనే రసాయన శాస్త్రవేత్త 1902లోనే ప్రకటించాడు. ల్యాబ్ రాయి ఆవిడకంటే ముందే ఆ ఇంటికి చేరింది.

"మామ్మకు తెలుసంటారా?" అని అడిగారు.

"ఆవిడకు తెలియకపోవచ్చమ్మా. అమ్మినవాడికి తెలిసే ఉంటుంది" అన్నాను.

ఇన్నేళ్లుగా చౌక ల్యాబ్ కెంపులు రాశులుగా వస్తున్నా, రంగు తేలడానికి పెట్టే వేడి కూడా తగలని మంచి బర్మా కెంపు ధర దిగలేదు. ముత్యాలకు మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. మనవాళ్లు పనికి వెళ్లే కువైట్ ఒకప్పుడు ముత్యాల మీదే బతికింది. జపాన్‌లో ఆల్చిప్పలు పెంచి తీసే సాగు ముత్యాలు, దాంతోపాటు 1930ల నాటి ఆర్థిక మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని ముంచేశాయి. సాగు ముత్యాన్ని పైనుంచి చూసి గుర్తుపట్టలేరు, ఎక్స్‌రే తీయాలి. వజ్రానిదీ అదే చిక్కు. అందుకే చిన్నాచితకా తెల్ల రవ్వలు ముత్యాల దారి పడతాయని, పెద్దవి, అరుదైన రంగులవి కెంపు దారిలో నిలబడతాయని నా అంచనా. పచ్చకు, నీలానికి వజ్రం వల్ల కొత్తగా వచ్చే ముప్పేమీ లేదు. వాటికీ ల్యాబ్ తోబుట్టువులు ఎప్పుడో వచ్చేశాయి.

అపోహ: అవసరానికి అమ్మితే పెట్టిన డబ్బు వస్తుంది.

వాస్తవం: తాకట్టుకు వెళ్లి చూడండి, రాళ్ల తూకం తీసేసి బంగారానికే అప్పిస్తారు. సహజ రవ్వలకు కూడా కొన్న ధర తిరిగి రావడం అరుదు, పైగా 2022 తర్వాత వాటి ధరలు తగ్గాయి. ల్యాబ్‌వి ఇంకా వేగంగా పడ్డాయి. వజ్రాల గనుల సంస్థ డి బీర్స్ 2018లో క్యారెట్ 800 డాలర్లకు మొదలుపెట్టిన లైట్‌బాక్స్ అనే ల్యాబ్ నగల వ్యాపారాన్ని 2025లో మూసేస్తున్నట్టు ప్రకటించింది. పెట్టుకుని మురవడానికైతే ల్యాబ్ రవ్వలు హాయిగా కొనండి, మా అమ్మాయికీ అవే చేయించాను. పిల్ల పెళ్లికి దాచే సొమ్ము మాత్రం రాళ్లలో పెట్టకండి.

అపోహ: జాతకానికి ల్యాబ్ రాయి పనిచేయదు.

వాస్తవం: అది చూపించే భూతద్దం నా దగ్గర లేదు. ల్యాబ్ నీలాన్ని సహజమని చెప్పి సహజం ధరకే అంటగట్టేవాళ్లు మాత్రం ఉన్నారు. బిల్లు మీద "సహజం" అని రాసివ్వమనండి. పెన్ను తీయడానికి తటపటాయిస్తే మెట్లు దిగి వచ్చేయండి.