డ్రోన్ బిల్లు గొడవ: ముడి పడింది 2022 ఫిబ్రవరిలో

పౌర డ్రోన్ల ముసాయిదా బిల్లు మీద పేచీ మళ్లీ రాజుకుంది. రామ్మోహన్‌నాయుడు మంత్రిగా ఉన్న కేంద్ర పౌర విమానయాన శాఖ 2025 సెప్టెంబరులో దీన్ని అభిప్రాయాల కోసం బయటపెట్టింది. ఇప్పుడున్న నిబంధనల్లో గరిష్ఠ శిక్ష లక్ష రూపాయల జరిమానా. బిల్లు వస్తే కొన్ని ఉల్లంఘనలకు మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. డ్రోన్‌ను సోదా చేసి పట్టుకెళ్లే అధికారం పోలీసులకు వస్తుంది. పెళ్లి వీడియోలు తీసేవాళ్ల నుంచి సరదాకు ఎగరేసే కుర్రాళ్ల దాకా అందరికీ టెన్షన్ ఇక్కడే.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ 25 ఫారాలను 5కు, 72 రకాల ఫీజులను 4కు తగ్గించాయి. అందరూ దాన్నే మలుపు అంటారు. కానీ ఈనాటి తగాదాకు మూలం ఆ తర్వాతి ఫిబ్రవరిలో, రెండు రోజుల తేడాతో వచ్చిన రెండు ఉత్తర్వుల్లో ఉంది.

2022 ఫిబ్రవరి 9న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు మాత్రం అనుమతితో తెచ్చుకోవచ్చు. విడిభాగాల మీద ఆంక్ష లేదు. ఫిబ్రవరి 11న పౌర విమానయాన శాఖ పైలట్ లైసెన్సును రద్దు చేసి, గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ చాలంది. రెండు కిలోల లోపు డ్రోన్‌ను సొంత సరదాకు ఎగరేస్తే ఆ సర్టిఫికెట్టూ అక్కర్లేదంది. ఎగరేయడానికి తలుపు తెరిచిన వారంలోనే, కెమెరాతో రెడీమేడ్‌గా వచ్చే డ్రోన్‌ను చట్టబద్ధంగా కొనే దారి మూసుకుపోయింది.

దేశీయ తయారీని పెంచాలన్న ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. కర్నూలు జిల్లా ఓర్వకల్లు డ్రోన్ హబ్ లాంటివి ఆ ఆశతోనే వస్తున్నాయి. పొలంలో మందు కొట్టే పెద్ద డ్రోన్లు ఇక్కడే తయారవుతున్నాయి, వాటికి టైప్ సర్టిఫికెట్లూ (ఆ మోడల్ ప్రమాణాలకు తగ్గట్టు ఉందన్న ధ్రువీకరణ) వచ్చాయి. నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు ఇవ్వాలనుకున్నవి ఆ రకమే. పెళ్లి కెమెరామన్ అవసరం వేరు. ఎదుర్కోలు దగ్గర, బరాత్‌లో చేతి సంచిలోంచి తీసి ఎగరేసేంత చిన్న డ్రోన్, మంచి కెమెరా, అందుబాటు ధర కావాలి. అవన్నీ ఉన్నవాటిలో ఎక్కువ చైనావే. పెళ్లివారు డ్రోన్ షాట్ అడగడం మానరు. దాంతో కొన్న బిల్లు లేని సరుకు, సెకండ్ హ్యాండ్ సరుకు మార్కెట్‌ను నింపింది. అలాంటి డ్రోన్‌కు నమోదు చేశాక ఇచ్చే విశిష్ట గుర్తింపు సంఖ్య రావడం కష్టం. నమోదు కావాలనుకున్నవాడికి కూడా దారి దొరకదు.

అంతకు ముందు ఒక దారి ఉండేది. 2020 జనవరిలో కేంద్రం, ఎవరి దగ్గర ఏ డ్రోన్ ఉందో నెలాఖరులోగా స్వచ్ఛందంగా చెప్పమని అడిగి, చెప్పినవారికి ఒక నంబరు ఇచ్చింది. ఎగరేసే హక్కు దాంతో రాలేదు కానీ, లెక్కలోకైనా వచ్చారు. 2021 రూల్స్ పాత డ్రోన్ల నమోదుకు ఆ నంబరుతో పాటు జీఎస్టీ కట్టిన బిల్లూ అడిగాయి. చాలామంది ఆగింది ఆ బిల్లు దగ్గరే.

భద్రత మాటేమిటని కేంద్రం అడుగుతుంది. 2021 జూన్‌లో జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో బాంబులు వేశారు. ఆ భయం నిజమైనది. అయినా అది జరిగిన రెండు నెలలకే అదే కేంద్రం సరళమైన రూల్స్ తెచ్చింది. ఎర్ర, పసుపు, ఆకుపచ్చ జోన్ల మ్యాప్ పెట్టింది. ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదంది.

డ్రోన్ కేసు జైలు దాకా వెళ్తే ఎలా ఉంటుందో తెలంగాణ ఇప్పటికే చూసింది. హైదరాబాద్ దగ్గర్లోని జన్వాడ ఫాంహౌస్ మీద డ్రోన్ ఎగరేయించారన్న ఆరోపణతో 2020 మార్చిలో అప్పటి ఎంపీ రేవంత్‌రెడ్డిని అరెస్టు చేశారు. బెయిల్ వచ్చేదాకా ఆయన చర్లపల్లి జైల్లో ఉన్నారు. ఎంపీకి లాయర్లు ఉంటారు. ముహూర్తం వేళ పట్టుబడిన వీడియోగ్రాఫర్‌కు ఎవరుంటారు?

వేలల్లో ఫీజు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్న పైలట్ల బాధ కూడా న్యాయమైనదే. కాగితాలేమీ లేనివాడు సగం రేటుకు పని పట్టుకుపోతుంటే నిబంధన పాటించినవాడే నష్టపోతున్నాడు. వాళ్లలో కొందరు కఠిన చట్టం కావాలనడానికి కారణం అదే.

విడిభాగాలు తెప్పించుకుని సొంతంగా డ్రోన్ కూర్చుకునే హాబీయిస్టులు ఇంతకాలం కాస్త నయం. కంటికి కనిపించే దూరంలో సరదాకు ఎగరేసే మోడల్ డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదని 2021 రూల్స్ చెప్పాయి. ఆ మినహాయింపు కొత్త చట్టంలోనూ స్పష్టంగా ఉండాలని వాళ్లు పట్టుబట్టడం సబబే.

2025 సెప్టెంబరులోనే డ్రోన్ల మీద జీఎస్టీని 5 శాతానికి తగ్గించారు. అంతకుముందు రకాన్ని బట్టి 18, 28 శాతం ఉండేది. పన్ను తగ్గినా దిగుమతి నిషేధం అలాగే ఉంది. జైలు సెక్షన్ పెట్టేముందు 2020 నాటి నమోదు గడువును మళ్లీ ఇవ్వాలి, ఈసారి కొన్న బిల్లు లేని పాత డ్రోన్లకు కూడా.