నవల మొదలుపెట్టే ముందు కొన్ని కాగితాలు

పిల్లలూ,

నవల రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు అని మీలో చాలామంది అడుగుతున్నారు. ఒకమ్మాయి ఇంకాస్త వివరంగా రాసింది. వాళ్ల అమ్మమ్మది కృష్ణా జిల్లా దివిసీమ, అక్కడ 1977లో వచ్చిన ఉప్పెన మీద నవల రాద్దామని కూర్చుంది, గాలి, వాన, తాటిచెట్లు విరిగిపడటం, ఇళ్లు కొట్టుకుపోవడం అన్నీ గబగబా రాసేసింది, ఆ తర్వాత ఏం రాయాలో తోచక ఆగిపోయింది. జవాబు మీ అందరికీ పనికొస్తుంది కాబట్టి ఆ అమ్మాయి కథనే ఉదాహరణగా పెట్టుకుని రాస్తున్నాను. మీ కథ హైదరాబాద్ హాస్టల్లో జరిగినా, డల్లాస్‌లో జరిగినా చేయాల్సిన పని ఇదే.

ఆ పేజీలు నేను చదివాను. భాష బాగుంది. ఉప్పెన కూడా బాగా వచ్చింది. కానీ నీళ్లు వచ్చేసరికి ఊళ్లో మనుషులు ఇంకా తయారు కాలేదు. పేర్లు ఉన్నాయి, వయసులు ఉన్నాయి. ముందురోజు వాళ్లు దేనికోసం తంటాలు పడుతున్నారో, ఎవరితో మాటలు మానేశారో, ఎవరికి అప్పున్నారో రాసే అమ్మాయికే తెలియదు. అలాంటప్పుడు వాళ్లు కొట్టుకుపోతే చదివేవాడికి పాత పేపర్లో వార్త చదివినట్టే ఉంటుంది. అందుకే నవల మొదటి వాక్యానికి ముందు ఒక నోటుపుస్తకం పెట్టుకుని కొన్ని కాగితాలు నింపమంటున్నాను. వాటిలో రాసింది నవల్లోకి రాకపోయినా ఫరవాలేదు, చాలావరకు రాదు కూడా. మీకు తెలియడం కోసం రాసుకునేవి అవి.

ముందు మనిషి. ఒక్కరితో మొదలుపెట్టండి. పేరు కూడా ఊరిని బట్టి పెట్టాలి. ఆ వైపు నాంచారయ్య, నాంచారమ్మ అనే పేర్లు బాగా వినిపిస్తాయి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకుని పెట్టుకున్న సుబ్బారావులు, సుబ్బమ్మలు ఇంటింటా ఉంటారు. మనం నాంచారమ్మ అనుకుందాం. నాగాయలంక దగ్గర ఊరు, ముప్పై మూడేళ్లు, మొగుడు రెండెకరాలు కౌలుకి చేస్తున్నాడు. పదో తరగతి చదివే కూతురు అవనిగడ్డలో తెలిసినవాళ్లింట్లో ఉంటోంది. ఎత్తు, రంగు, జడ పొడవు ఇప్పుడేమీ రాయొద్దు, వాటికోసం సాయంత్రాలు పాడుచేసుకోవద్దు, అవసరమైన చోట అవే వస్తాయి.

మొదటి కాగితం మీద ఒకటే ప్రశ్న: ఆమెకి ఏం కావాలి? ఇక్కడ నూటికి తొంభైమంది “కూతురు బాగుండాలి” అని రాసి పక్కకు జరుగుతారు. ఏ తల్లికైనా అదే కావాలి కదా, దాంతో కథ కదలదు. చేతికి అందేది, గడువు ఉన్నది, జరిగిందో లేదో చూస్తే తెలిసిపోయేది రాయాలి. నాంచారమ్మకి పరీక్షలయ్యేదాకా కూతురి అవనిగడ్డ ఖర్చు కట్టాలి, మాఘమాసంలో అనుకుంటున్న పెళ్లి ఆగాలి. ఇప్పుడు కథకి గడువొచ్చింది, డబ్బు లెక్కొచ్చింది, ఎదురు నిలబడే మనిషి ఒకడు ఉండాలని కూడా తెలిసిపోయింది. ఎందుకు కావాలి అన్నది దాని కిందే రాయండి. ఆమె ఐదో తరగతిలో మానేసింది, కౌలు కాగితం మీద ఏముందో మొగుడు చదివి చెప్తే నమ్మాల్సిందే, అది ఆమెకి నచ్చదు. ఈ కారణం నవల్లో ఒక్కసారి కూడా బయటికి చెప్పక్కర్లేదు. మీకు తెలిసి ఉంటే చాలు, ఆమె ఎవరి చేతిలో కాగితం చూసినా ఎలా చూస్తుందో మీ కలానికి తెలుస్తుంది.

రెండో కాగితం అడ్డుపడేవాడిది. దీని మీద ఎక్కువసేపు కూర్చోండి, ఎందుకంటే తెలుగులో మనం చదివే చాలా కథలు ఇక్కడే పల్చబడిపోతాయి, అడ్డుపడేవాడు తాగుబోతో దుర్మార్గుడో అయి ఊరుకుంటాడు. మన కథలో పిల్లని అడుగుతున్నది నాంచారమ్మ సొంత తమ్ముడు. మేనరికం, మొగుడు మాట ఇచ్చేశాడు. ఇప్పుడు ఆ తమ్ముడి నోటితోనే ఒక పేజీ రాయండి, “నేను” అని మొదలుపెట్టి, అక్కకి తెలియని సంగతులతో. నాన్న పోయాక అక్క పెళ్లి అప్పు నేను తీర్చాను. మంచాన పడ్డ అమ్మకి ఏడాదిపాటు సేవ చేశాను, అక్క నెలకోసారి వచ్చి చూసి వెళ్లేది. పిల్లని చదువు మాన్పించమని నేనెప్పుడూ అనలేదు, బావే అన్నాడు. ఇలా రాస్తూ పోతే ఒకచోట మీకే అనిపిస్తుంది, ఇతను చెప్పేదాంట్లో న్యాయం ఉందే అని. అలా అనిపించేదాకా రాయడం ఆపొద్దు. ఇద్దరూ న్యాయంగా ఉండి ఇద్దరికీ ఒకేసారి కుదరకపోతేనే మూడొందల పేజీలు నడిచే గొడవ పుడుతుంది.

తర్వాత దాచిన వస్తువుల జాబితా ఒకటి రాయండి. ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఆమె ఏం దాచింది, ఎక్కడ దాచింది? పాలు పోసిన డబ్బులు కందిపప్పు డబ్బాలో అడుగున ఉన్నాయి, తల్లి ఇచ్చిన వెండి పట్టీలు రేకు పెట్టెలో ఉన్నాయి. మనుషులు దాచుకునేవి తెలిస్తే భయాలు తెలుస్తాయి. ఇది పది నిమిషాల పని, ముందుకు వెళ్దాం.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన అభ్యాసం. ఒక చిన్న సంఘటన తీసుకుని ముగ్గురి చేత చెప్పించండి, ఒక్కొక్కరిది అర పేజీ. నాంచారమ్మ ఆ పట్టీలు అమ్మేసింది అనుకోండి. ఆమెని అడిగితే “నావే కదా, మా అమ్మ ఇచ్చినవి” అంటుంది. మొగుడు “అమ్మితే అమ్మింది, నాతో ఒక్క మాట చెప్పలేదు, బజార్లో ఎవడో చెప్తే తెలిసింది” అంటాడు. కూతురిని అడగండి. ఆ పిల్ల పెట్టెలో పట్టీలు లేకపోవడం చూసి, పెళ్లి ఖర్చులకే అమ్మేశారు, అమ్మ కూడా ఒప్పేసుకుంది అనుకుంది! నిజానికి అవి తన చదువు కోసమే పోయాయి. చూశారా, మనం ప్లాట్ గురించి, అంటే ఏ సంఘటన వల్ల ఏది జరగాలన్న దాని గురించి ఒక్క ముక్క ఆలోచించలేదు, ముగ్గురిని వేరువేరుగా మాట్లాడిస్తే అపార్థం ఒకటి దానంతటదే బయటపడింది. ప్లాట్ ఎక్కణ్ణుంచి తేవాలి అని టెన్షన్ పడేవాళ్లు ముందు ఇది చేసి చూడండి.

కాలం సంగతి కూడా తేల్చుకోవాలి. నిజంగా జరిగిన దాని చుట్టూ రాస్తున్నప్పుడు ఒక కాగితం మీద క్యాలెండర్ గీసుకోండి. 1977 మార్చిలో ఎన్నికలు జరిగి ఎమర్జెన్సీ ముగిసింది. హైదరాబాద్‌లో దూరదర్శన్ మొదలైంది అక్టోబర్ 23న, అంటే మీ నాంచారమ్మ ఇంట్లో టీవీ పెట్టకండి, రేడియో ఉండొచ్చు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమని చుట్టి సముద్రంలో కలుస్తుంది, రేపల్లె వైపు దాటాలంటే అప్పటికి పెనుమూడి వారధి లేదు, పడవే గతి. దీపావళి వెళ్లి వారం దాటింది, కార్తీకమాసం, వరి కోతకొచ్చింది. నవంబర్ 19 శనివారం. ఆ రోజు సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీదికి వచ్చింది, సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, అధికారిక లెక్కల్లోనే సుమారు 10,000 మంది చనిపోయారు. ఈ అంకెలు నవల్లో ఎక్కడా రాయనక్కర్లేదు. శనివారం అని తెలిస్తే పిల్ల బడి నుంచి ఆదివారం సెలవుకి ఇంటికి బయల్దేరుతుందా లేదా అన్న ప్రశ్న వస్తుంది, కోతకొచ్చిన వరి అని తెలిస్తే ఇంట్లో అప్పులు తీరే రోజు ఎంత దగ్గర్లో ఉందో అర్థమవుతుంది. అంకెలతో మనకి పని అంతే.

ఏ ఊళ్లోకి ఏ గంటకి నీళ్లొచ్చాయో మాత్రం ఆ ఊరివాళ్లనే అడగండి. అడిగేటప్పుడు మర్యాద తెలిసి అడగండి పిల్లలూ, ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఆ రోజు బిడ్డని పోగొట్టుకుని ఉండొచ్చు. “ఉప్పెన ఎలా వచ్చిందమ్మా” అని మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకి ఇన్నేళ్లలో ఎందరికో చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబే వస్తుంది, ఆమెకి బాధ కూడా. “ముందురోజు ఏం వండారమ్మా, కార్తీక దీపాలు ఎక్కడ వదిలేవారు, మీ పొలంలో ఆ ఏడు పంట ఎలా ఉంది” అని అడగండి. ఆమె చెప్పదలచుకుంటే ఆ తర్వాత తనే చెప్తుంది. చెప్పకపోతే వదిలేయండి, మీ నవల కంటే ఆమె మనసు ముఖ్యం.

ఇక ప్లాట్. పెద్ద పెద్ద చార్టులు వద్దు, ఒకే కాగితం. ఒక సంఘటన రాసి దాని కింద రెండోది రాయండి, మధ్యలో “అందుకని” గానీ “కానీ” గానీ రావాలి. “ఆ తర్వాత” తప్ప మరేదీ కుదరని చోట ఎర్ర గీత గీయండి. నాంచారమ్మ పాల డబ్బులు దాచింది. కానీ అవి రెండు నెలలకే సరిపోయాయి. అందుకని పట్టీలు అమ్మింది. కానీ మొగుడికి తెలిసిపోయింది. అందుకని అతను బావమరిదిని పిలిపించాడు. కానీ తమ్ముడు గొడవకి రాలేదు, మేనకోడలికి చీర పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. అందుకని నాంచారమ్మ చెప్పాల్సింది చెప్పలేక, అనకూడని మాట అంది. “అమ్మ నీ చేతుల్లోనే పోయింది, నా కూతుర్ని కూడా నీ చేతుల్లో పెట్టను” అంది. అతను చీర అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఇది శుక్రవారం సాయంత్రం.

ఇక్కడ ఆగి, ఉప్పెనని కథలోంచి తీసేసి చూడండి. శనివారం మామూలుగా తెల్లవారింది అనుకోండి. కథ ఇంకా నడుస్తుందా? నడుస్తుంది. పెళ్లి సంగతి తేలాలి, ఆ మాట వెనక్కి తీసుకోవాలి, కూతురి అపార్థం పోవాలి. నడిస్తేనే మీ మనుషులు తయారైనట్టు. ఇప్పుడు ఉప్పెనని మళ్లీ పెట్టండి. ఆ అక్కాతమ్ముళ్ల మధ్య ఆ మాట అలాగే ఉండగా నీళ్లొచ్చాయి. ఇందాకటి గాలీ వానా పేజీలు ఇప్పుడు చదివితే వేరేగా ఉంటాయి, చాలావరకు కొట్టేస్తారు కూడా.

చివరి అభ్యాసం ఒకటుంది. శనివారం కూతురు ఎక్కడుంది? మూడు రకాలుగా రాయండి, ఒక్కొక్కటి అర పేజీ చాలు. అవనిగడ్డలోనే ఉండిపోయింది. ఇంటికి వచ్చేసింది. పట్టీల సంగతి మనసులో పెట్టుకుని అమ్మ దగ్గరికి రాకుండా మేనమామ ఇంటికి వెళ్లింది. మూడింటిలో ఏది రాస్తున్నప్పుడు నాంచారమ్మకి తర్వాతి ఏడాదంతా బతకడం కష్టమవుతుందో చూడండి. నాకైతే మూడోది అనిపిస్తోంది, ఎందుకంటే అక్కడ తమ్ముడు పిల్లని కాపాడి ఉండొచ్చు, కాపాడబోయి పోయి ఉండొచ్చు, ఏది జరిగినా శుక్రవారం నాటి మాటకి జవాబు చెప్పుకోవాల్సింది ఆమే. మీకు వేరేగా అనిపిస్తే మీదే రాయండి, నవల మీది.

ఈ కాగితాలన్నిటికీ రెండు మూడు వారాలు పట్టొచ్చు. పరీక్షలున్నవాళ్లు పరీక్షలయ్యాకే మొదలుపెట్టండి. ముందుగా అడ్డుపడేవాడి పేజీ రాసి నాకు పంపండి, చదివి జవాబు రాస్తాను. మొదటి అధ్యాయం మాత్రం ఇప్పుడే పంపొద్దు.

మీ మామ్మ