చావకుండా మిగిలిన లార్వాల సంగతి

దోమల మందు పని చేసిందో లేదో మనం ఎలా చూస్తాం? మర్నాడు తొట్టిలోకి తొంగి చూసి, లార్వాలు కదలకపోతే సరే అనుకుంటాం. నాకు మాత్రం ఇంకా కదులుతున్న ఆ నాలుగైదు లార్వాల గురించే టెన్షన్, ఎందుకంటే రేపటి దోమలకు తల్లిదండ్రులు అవే.

టెమిఫాస్‌నే తీసుకోండి, మన మలేరియా సిబ్బంది అబేట్ అనేది దీన్నే. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా తాగునీటి నిల్వల్లో కూడా వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతించింది. నరాల్లో ఒక సంకేతం అందాక దాన్ని ఆపే ఎంజైము ఒకటి ఉంటుంది, ఈ మందు దాన్ని పని చేయనివ్వదు, దాంతో నరాలు ఆగకుండా స్పందిస్తూనే ఉండి లార్వా చచ్చిపోతుంది. కొలత ప్రకారం వేస్తే మంచి మందే. కానీ ఇంట్లో డ్రమ్ములో నీళ్లు రోజూ వాడుతూ మళ్లీ మళ్లీ నింపుతాం కదా, మందు పలచబడుతూ పోయి, చివరికి లార్వాను చంపలేని, అలాగని ఊరికే వదిలేయని మోతాదు మిగులుతుంది.

అలాంటి నీళ్లలో పెరిగిన లార్వా విషాన్ని విరగ్గొట్టడానికే తన శక్తిలో కొంత ఖర్చు పెట్టాలి. చాలాసార్లు అది ఆలస్యంగా ఎదుగుతుంది, చిన్న దోమగా బయటికొస్తుంది, చిన్న ఆడదోమ తక్కువ గుడ్లు పెడుతుంది. మనకు లాభమే అనిపిస్తుంది. కానీ ప్రతిసారీ ఇలా జరగదు. తోటి లార్వాలు చచ్చిపోతే మిగిలినవాటికి తిండి బాగా దొరికి, ఇంకా పెద్ద దోమలు కూడా రావచ్చు. పైగా లార్వాగా ఉన్నప్పుడు మలాథియాన్ అనే పురుగుమందు సోకిన ఏడిస్ ఈజిప్టై (డెంగీని వ్యాపింపజేసే దోమ) దోమలకు, దోమల ద్వారానే వ్యాపించే సింద్‌బిస్ వైరస్ ఎక్కువగా పట్టుకుందని 2011లో ఒక ప్రయోగం చూపింది. బీటీఐ అనే బ్యాక్టీరియా మందును తట్టుకుని బతికిన దోమల్లో డెంగీ వైరస్‌కు లొంగే గుణం పెరిగినట్టు 2018లో ఇంకో ప్రయోగం తేల్చింది. దోమల సంఖ్య తగ్గినంత మాత్రాన జబ్బు కూడా అంతే తగ్గుతుందని అనుకోకూడదు అన్నమాట.

ఇక తరాల విషయం. దీనికి నేను చెప్పగలిగిన గొప్ప ఉదాహరణ దక్షిణ ఫ్రాన్స్‌లోని మాంపెలియే ప్రాంతం. 1960ల చివర్లో అక్కడి సముద్ర తీరం వెంట క్యూలెక్స్ అనే దోమల లార్వాల మీద ఆర్గానోఫాస్ఫేట్ మందులు (టెమిఫాస్ కుటుంబానివే) వాడటం మొదలుపెట్టారు. 1972కల్లా ఎస్టరేజ్ అనే ఎంజైమును విపరీతంగా తయారు చేసి మందును పట్టేసుకునే దోమలు కనిపించాయి. మరికొన్నేళ్లకు, మందు దాడి చేసే ఆ నరాల ఎంజైమే మారిపోయిన దోమలు వచ్చాయి. ఈ బలం ఉచితంగా రాలేదు. మారిన ఎంజైము అసలు దానికంటే మందకొడిగా పని చేస్తుంది, ఎస్టరేజ్ దోమలు గుహల్లో చలికాలం గడిపేటప్పుడు మామూలు దోమల కంటే ఎక్కువగా చచ్చిపోయాయి. తీరానికి దూరంగా, మందు కొట్టకుండా వదిలేసిన ఊళ్లలో ఈ జన్యువులు తక్కువగా ఉండటానికి కారణం అదే. కానీ దోమ అక్కడితో ఆగలేదు! తర్వాత్తర్వాత పాత జన్యువూ కొత్త జన్యువూ రెండూ ఒకే క్రోమోజోము మీద పక్కపక్కనే ఉన్న దోమలు వచ్చాయి, దాంతో ఆ నష్టం కొంత పూడింది. దోమ తరానికి కొన్ని వారాలే కాబట్టి మన కళ్లముందే పరిణామం జరిగిపోయింది.

జన్యువు మారకుండానే ప్రభావం మనవల దాకా వెళ్తుందా? ఏడిస్ ఆల్బోపిక్టస్ అనే మరో దోమ లార్వాలను విన్‌క్లోజోలిన్ అనే శిలీంధ్రనాశనిలో, జెనిస్టీన్ అనే మొక్కల రసాయనంలో పెంచితే, రెండు తరాల తర్వాత పుట్టిన దోమలకు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పట్ల స్పందన కొద్దిగా మారిందని 2015లో ఒక బృందం ప్రకటించింది. డీఎన్ఏ మీద ఉండే మిథైల్ గుర్తుల్లోనూ (జన్యువును మార్చకుండానే దాని పనితీరును ప్రభావితం చేసేవి) తేడా కనిపించింది. మార్పు చిన్నదే, కానీ పొలాల మందులు కలిసిన నీళ్లలో పుట్టే దోమలను తలుచుకుంటే నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

అందుకే ఒకే మందును ఏళ్ల తరబడి వాడటం నాకు నచ్చదు. కొచ్చిలో స్ఫేరికస్ బ్యాక్టీరియా మందును పదే పదే చల్లితే క్యూలెక్స్ దోమలు దాన్ని గట్టిగా తట్టుకున్నాయని 1995లోనే బయటపడింది, ఎందుకంటే దాని ప్రధాన విషం లార్వా పేగులో ఒకే రకం గ్రాహకాన్ని, అంటే విషం అతుక్కునే చోటును, పట్టుకుంటుంది. బీటీఐలో నాలుగు ముఖ్య విషాలున్నాయి, అందుకే దానికి అలవాటు పడటం దోమకు చాలా కష్టం. మందులు మారుస్తూ ఉండాలి, కొలిచి వేయాలి, పలచబడే లోపే మళ్లీ వేయాలి. ఇంట్లో మనం చేయగలిగింది ఫ్రైడే డ్రైడే: వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి లోపలి గోడలు గట్టిగా రుద్ది కడగండి, ఏడిస్ గుడ్లు ఆ గోడలకే అంటుకుని నెలల తరబడి నీళ్లు లేకుండా ఎండిపోయి ఉన్నా తట్టుకుంటాయి, వట్టి నీళ్లు పారబోస్తే పోవు.