కొరియన్ భాష గురించి మా క్లాసులో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

తెలుగు పిల్లలకు కొరియన్ నేర్పుతుంటాను. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఈ మాటలు వినిపిస్తాయి.

అపోహ: కొరియన్ కూడా ఒక రకం చైనీసే.

కాదు. నిఘంటువులో సగానికి పైగా మాటలు చైనీస్ మూలానివే అయినా, రెండు భాషలకూ చుట్టరికం లేదు. తెలుగులో సంస్కృత పదాలు ఎన్ని ఉన్నా తెలుగు ద్రావిడ భాషే కదా, అలాగే.

అపోహ: కొరియన్ తమిళం నుంచి పుట్టింది.

పిల్లలు ఎంతో ఇష్టంగా నమ్మే మాట ఇది. అందుకే కాదని చెప్పేటప్పుడు నెమ్మదిగా చెబుతాను. అమ్మను ‘ఒమ్మా’, నాన్నను ‘అప్పా’ అనడం నిజమే. కానీ పసిబిడ్డ నోటికి ముందుగా వచ్చేవి పెదవులు కలిపి పలికే ఇలాంటి శబ్దాలే. ఏ సంబంధమూ లేని ఎన్నో భాషల్లో ఈ పిలుపులు ఇలాగే ఉంటాయి. 1905లో హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ కొరియన్ వ్యాకరణాన్ని ద్రావిడ భాషలతో పోల్చి చూశాడు. ఆ వాదాన్ని ఇవాళ్టి భాషావేత్తలు ఒప్పుకోవడం లేదు. ఇక ‘అయుత’ అనే దేశం (అది భారతదేశంలోదేనని కొందరంటారు) నుంచి వచ్చి క్రీ.శ. 48లో కొరియాలోని గయ రాజ్యపు సురో రాజును పెళ్లాడిన రాణి కథ ఉంది. అది మనకు దొరికేది 13వ శతాబ్దపు కొరియన్ గాథల పుస్తకం ‘సంగుక్ యూసా’లో. అంటే జరిగిందన్న కాలానికి దాదాపు పన్నెండు వందల ఏళ్ల తర్వాత రాసింది. ఐతిహ్యంగా అందమైనదే, భాషల చుట్టరికానికి మాత్రం సాక్ష్యం కాదు.

చుట్టరికం లేకపోయినా మనకు ఒక సుఖం ఉంది. ‘చొనున్ పబుల్ మొగొయో’ అంటే ‘నేను అన్నం తింటాను’. మాటల వరుస అచ్చం మనదే, విభక్తులు కూడా మాట వెనకే వస్తాయి. కొరియన్‌లోనూ పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడే రూపాలు వేరు; పెద్దవాళ్లను ‘తిన్నావా’ అని అడగకూడదని మన పిల్లలకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

అపోహ: అక్షరాలు ఒక్కరోజులో వచ్చేస్తాయి, కాబట్టి భాష ఈజీ.

అక్షరాల వరకు నిజమే. సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన లిపి ఇది. ‘న’ అక్షరం నాలుక కొన పైకి తగిలే తీరు, ‘మ’ నోటి ఆకారం. ఈ వివరాలున్న పాత ప్రతి 1940లో దొరికేదాకా, కిటికీ చట్రాలను చూసి గీశారని కూడా ఊహించారు. కష్టమంతా చెవికే. ‘తల్’ అనే మాటను మూడు రకాలుగా పలికితే చంద్రుడు, ముసుగు, కూతురు అవుతాయి. మన ‘త’కు దగ్గరగా ఉండేది కూతురు. చంద్రుడి దగ్గర మాత్రం అందరికీ టెన్షనే.

అపోహ: రాజు చెప్పగానే దేశమంతా ఆ లిపి వాడింది.

1444లోనే చ్వే మల్లి అనే పండితుడు వద్దని విన్నపం పెట్టాడు. ప్రభుత్వ పత్రాల్లోకి అధికారికంగా వచ్చింది 1894లో. పదహారేళ్లకే జపాన్ పాలన మొదలైంది. 1942లో నిఘంటువు తయారుచేస్తున్న భాషా సంఘం వాళ్లను అరెస్టు చేశారు. ఇద్దరు జైల్లోనే చనిపోయారు. పోలీసులు పట్టుకుపోయిన రాతప్రతి 1945 సెప్టెంబర్‌లో సియోల్ రైల్వే స్టేషన్ గోదాంలో దొరికింది. మొదటి సంపుటం 1947లో, ఆరోదీ ఆఖరిదీ 1957లో అచ్చయ్యాయి.