సహజీవనం: అపోహలు, వాస్తవాలు, మా సర్వే ఫారంలోని ఒక గడి

విశాఖపట్నంలో అద్దె ఇంటి కోసం తిరిగిన ప్రతివారికీ ‘ఫ్యామిలీస్‌కు మాత్రమే’ అన్న టు-లెట్ బోర్డు పరిచయమే. మధురవాడ, ఎంవీపీ కాలనీ ప్రాంతాల్లో పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న జంటలు ఆ బోర్డు దాటి లోపలికి వెళ్లాలంటే ఇంటి యజమానికి తాము భార్యాభర్తలమని చెప్పుకోవాలి. కుటుంబ సంబంధాలపై క్షేత్ర పరిశోధన చేసే నేను ఫారాలు పట్టుకుని వెళ్లినప్పుడు నాకూ మొదట అదే జవాబు వస్తుంది. ఈ విషయంలో ప్రచారంలో ఉన్న అపోహల్లో చాలావరకు ఈ దాపరికం నుంచి పుట్టినవే.

అపోహ: నగరాల్లో సహజీవనం చేసేవారు ఇంత శాతానికి చేరారు.

ఏ శాతం చెప్పినా నమ్మకండి. 2011 జనగణనలో ఎన్యూమరేటర్లకు ఇచ్చిన సూచనల ప్రకారం, స్థిరంగా కలిసి కాపురం చేస్తున్నవారిని కూడా ‘వివాహితులు’ అన్న కోడ్ కిందనే రాయాలి. ఆ పెళ్లి చెల్లదని ఊరు వాదించినా, తనకు పెళ్లయిందని ఆ మనిషి చెబితే అదే నమోదు చేయాలి. వేరుగా లెక్కించనప్పుడు శాతం ఎక్కడి నుంచి వస్తుంది?

అపోహ: ఇది పాశ్చాత్య దేశాల నుంచి దిగుమతి అయిన అలవాటు.

భర్త పోయిన స్త్రీ, లేదా భర్తను విడిచిన స్త్రీ మరొకరితో కాపురం పెట్టడాన్ని తెలుగునాట అనేక కులాల్లో మారుమనువు అన్నారు. మొదటి పెళ్లికి జరిగే తంతు దానికి ఉండేది కాదు, కులపెద్దల సమ్మతి మాత్రం ఉండేది. ముందు లేచిపోయి కలిసి ఉండి, తరువాత ఓలి (పెళ్లికూతురి వారికి ఇచ్చే సొమ్ము) చెల్లించి పెద్దల ఎదుట ఖాయం చేసుకునే ఆనవాయితీ మన్యంలోని కొన్ని ఆదివాసీ తెగల్లో ఉంది. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో విశాఖలో మత్స్యకారులు ఉండే జాలారిపేటలో ఒక పెద్దామెను, ఫారంలో ఉన్నది ఉన్నట్టుగా, ‘మీకు పెళ్లయిందా?’ అని అడిగాను. ఆమె చేపల బుట్ట కడుగుతూ తలైనా ఎత్తకుండా, ‘నలభై ఏళ్ల నుంచి ఆయనకి కూడొండి పెడతన్నాను. అయిందో లేదో నువ్వే రాసుకో తల్లీ’ అన్నది. అయితే పాత పద్ధతినీ ఇప్పటి ఫ్లాట్ కాపురాన్నీ ఒకే గాటన కట్టడం కూడా పొరపాటే అవుతుంది. అక్కడ బంధువులే సాక్షులు. ఇక్కడ బంధువులకు తెలియకపోవడమే షరతు.

అపోహ: ముందు కలిసి ఉన్నవారు పెళ్లి చేసుకుంటే ఎక్కువగా విడిపోతారని పరిశోధనలు తేల్చాయి.

దీనికి కొంత ఆధారం ఉంది, అందుకే దీన్ని విప్పి చెప్పవలసి వస్తోంది. 1980ల నుంచి అమెరికాలో జరిగిన అధ్యయనాలు అటువంటి సంబంధాన్ని నిజంగానే చూపాయి. కానీ అక్కడ చిన్న వయసులోనే కలిసి కాపురం పెట్టినవారు ఎక్కువ. చిన్న వయసులో మొదలైన కాపురాలు, పెళ్లితో మొదలైనవైనా సరే, విడిపోయే అవకాశం ఎక్కువ. సామాజిక శాస్త్రవేత్త ఏరియల్ కూపర్‌బర్గ్ 2014లో పెళ్లినాటి వయసును కాక, ఒక ఇంట్లో కలిసి ఉండడం మొదలైననాటి వయసును లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. వివాదం అంతటితో ముగిసిందనుకోకండి: 2019లో మైకేల్ రోసెన్‌ఫెల్డ్, కాథరినా రోస్లర్ అనే పరిశోధకులు అమెరికా గణాంకాలనే మళ్లీ పరిశీలించి, పెళ్లైన తొలి ఏడాదిలో ఇటువంటి జంటలు విడిపోవడం తక్కువగానూ ఆ తరువాత ఎక్కువగానూ ఉందన్నారు. ఐరోపాలో 16 దేశాలను పోల్చిన 2006 నాటి అధ్యయనం మరో సంగతి చెప్పింది. సహజీవనం ఆ సమాజంలో ఎంత మామూలు విషయం అన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారుతుందట. సహజీవనం చేసేవారి ఉమ్మడి ఇంటికీ ఇంటి సామానుకూ 2003 నుంచి ప్రత్యేక చట్టం అమల్లో ఉన్న స్వీడన్ లెక్కను, ‘ఫ్యామిలీస్‌కు మాత్రమే’ బోర్డున్న మా విశాఖ సీతమ్మధారకు తెచ్చి అతికించడం నా దృష్టిలో పరిశోధన అనిపించుకోదు.

అపోహ: సహజీవనం నేరం, చట్టం స్త్రీకి ఏ రక్షణా ఇవ్వదు.

వయసు వచ్చిన ఇద్దరు ఇష్టపడి కలిసి ఉండడం నేరం కాదని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులోనూ, 2010లో నటి ఖుష్బూ కేసులోనూ చెప్పింది. 2005 నాటి గృహహింస చట్టం ‘వివాహ స్వభావం గల సంబంధం’లో ఉన్న స్త్రీకి కూడా వర్తిస్తుంది. అయితే ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన ఆ రక్షణ రాదు. 2010లో సుప్రీంకోర్టే ఇచ్చిన వేలుస్వామి తీర్పు ప్రకారం ఇద్దరూ పెళ్లికి అర్హులై, అవివాహితులై ఉండాలి, చెప్పుకోదగినంత కాలం కలిసి ఉండాలి, లోకానికి దంపతుల్లా కనిపించాలి. చివరి షరతు దగ్గర నాకు ఎప్పుడూ ఆ టు-లెట్ బోర్డే గుర్తుకు వస్తుంది. ఇంటి యజమాని ముందు దంపతులుగా, కన్నవారి ముందు ఎవరికెవరో అన్నట్టుగా బతుకుతున్నవారు ఏ లోకానికి దంపతులు?

అపోహ: బాధ్యతలు వద్దనుకునేవారే ఇలా ఉంటారు.

కొమ్మాది దగ్గర ఒక ఫ్లాట్‌లో ఒకమ్మాయితో మాట్లాడుతుండగా ఊరి నుంచి వాళ్లమ్మ వీడియో కాల్ చేసింది. ఆ అబ్బాయి ఏమీ అనకుండా లేచి, సోఫా మీది హెల్మెట్, తలుపు దగ్గరి చెప్పులు తీసుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకున్నాడు. అంతకు రెండు నెలల ముందు ఆమెకు అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగినప్పుడు మూడు రాత్రులు ఆస్పత్రి వరండాలో కూర్చున్నది అతనే. అడ్మిషన్ కాగితంలో ‘రోగికి ఏమవుతారు?’ అన్న గడిలో ‘కజిన్’ అని రాశాడట.

మా ఫారంలోనూ ‘మీకు పెళ్లయిందా?’ అన్న అటువంటి గడే ఉంది. ఇప్పుడు దాని పైన మరో ప్రశ్న చేర్చాను: ‘ఒంట్లో బాగాలేని రాత్రి మీ పక్కన ఎవరుంటారు?’ జాలారిపేటలోనూ కొమ్మాదిలోనూ దానికి మాత్రం వెంటనే జవాబు వస్తోంది.