గర్భస్రావం, చట్టం, హక్కులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: భర్త సంతకం లేనిదే గర్భస్రావం చేయరు.

వాస్తవం: 18 ఏళ్లు నిండిన మహిళకు ఆమె సంతకం ఒక్కటే చాలు. 1971 ఎంటీపీ (గర్భస్రావ) చట్టం కింద వచ్చిన నిబంధనల్లోని సమ్మతి పత్రం, ఫారం-సిలో భర్త సంతకానికి చోటే లేదు. సంరక్షకుల అంగీకారం అవసరమయ్యేది మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి మాత్రమే. అయినా ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఆధార్, భర్త సంతకం అడిగి వెనక్కి పంపేస్తున్నారు. ఇది అన్యాయం. నోటిమాటగా ‘కుదరదు’ అంటే ఊరుకోవద్దు. కారణం రాసి, తేదీ వేసి ఇమ్మనండి. ఇవ్వకపోతే జరిగినది మీరే రాసి సూపరింటెండెంట్‌కు ఇచ్చి, జిరాక్స్ మీద ఆఫీసు స్టాంపు వేయించుకోండి. రేపు హైకోర్టుకు వెళ్లినా ఆ కాగితమే ఆధారం.

అపోహ: పెళ్లికాని వాళ్లకు ఈ హక్కు లేదు.

వాస్తవం: ఉంది. 2021 సవరణతో ‘భర్త’ స్థానంలో ‘భాగస్వామి’ వచ్చింది. కొన్ని వర్గాల మహిళలకు 20 నుంచి 24 వారాల గర్భం వరకు ఇచ్చిన వెసులుబాటు పెళ్లికాని వారికీ వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: 24 వారాలు దాటితే దారి లేదు.

వాస్తవం: పిండంలో తీవ్రమైన లోపాలుంటే మెడికల్ బోర్డును (ప్రభుత్వం నియమించే నిపుణ డాక్టర్ల బృందాన్ని) ఆశ్రయించవచ్చు. దరఖాస్తు అందిన 3 రోజుల్లో బోర్డు తేల్చాలి, అనుమతిస్తే దరఖాస్తు అందిన 5 రోజుల్లోపే ప్రక్రియ పూర్తయ్యేలా చూడాలి. తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైతే వారాల పరిమితే లేదు. మిగతా సందర్భాల్లో హైకోర్టులో రిట్ వేయాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. ఫోన్ 15100. ఇక్కడ చేటు చేసేది ఆలస్యమే. పాత స్కాన్ రిపోర్టుతో వెళ్తే మళ్లీ స్కాన్ చేయించమంటారు, రోజులు పోతాయి. కొత్తది చేతిలో పెట్టుకునే బయల్దేరండి.

అపోహ: వివరాలు బయటికి పొక్కుతాయి.

వాస్తవం: సమ్మతి పత్రాన్ని, డాక్టర్ల అభిప్రాయాన్ని కవరులో పెట్టి సీలు వేసి, ‘రహస్యం’ అని రాయాలి. కవరు మీద ఉండేది రిజిస్టర్‌లోని వరుస సంఖ్యే, ఆమె పేరు కాదు. చట్టం అనుమతించని వారికి డాక్టర్ వివరాలు చెబితే ఏడాది వరకు జైలు. మైనర్ విషయంలో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకు సమాచారం ఇవ్వక తప్పదు. కానీ ఆ అమ్మాయి, సంరక్షకులు కోరితే ఆమె పేరు, వివరాలు చెప్పనక్కర్లేదని 2022 తీర్పే చెప్పింది.

అపోహ: హక్కుల కోసం పనిచేయడమంటే ధర్నాలే.

వాస్తవం: చాలా మార్పు ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తుతో మొదలవుతుంది. జిల్లాలో గర్భస్రావానికి అనుమతి పొందిన కేంద్రాల జాబితా, ఆ అనుమతులిచ్చే జిల్లా కమిటీ చివరి సమావేశపు మినిట్స్, మెడికల్ బోర్డు నియామక ఉత్తర్వు కాపీ అడగండి. ‘ఎందుకు చేయట్లేదు’ అని అడిగితే తిప్పి పంపుతారు, రికార్డులో ఉన్నదే ఇస్తారు కాబట్టి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

రోగుల వివరాలు మాత్రం అడగొద్దు. ప్రెస్‌మీట్‌లోనూ అంతే: పేరు చెప్పకపోయినా వయసు, ఊరు, ఆసుపత్రి కలిపి చెబితే ఆమె ఎవరో ఊరంతా పోల్చేస్తారు. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం కూడా.