అన్నయ్యకు గోడ కట్టడం వచ్చా?

పిల్లలూ,

మా బుజ్జి తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ల పెదనాన్న కొడుకు న్యూజెర్సీలో పుట్టి పెరిగాడు. పదహారేళ్లప్పుడు, 2017 డిసెంబరు సెలవుల్లో, తోటి పిల్లలతో కలిసి నేపాల్ వెళ్లి భూకంపంలో కూలిపోయిన ఒక ఊళ్లో పనిచేసి వచ్చాడు. మొన్న సంక్రాంతికి ఇక్కడికొచ్చినప్పుడు ఆ ఫోటోలు చూపించాడు. బుజ్జి ఒక ఫోటోని పెద్దది చేసి చూసి, చిన్నది చేసి చూసి అడిగింది: "తాతయ్యా, అన్నయ్యకు గోడ కట్టడం వచ్చా?"

అందరం నవ్వాం. మేకు కొట్టమంటే వేలు చితక్కొట్టుకునే రకం వాడు. బుజ్జి మాత్రం నవ్వలేదు. "మరి రానివాడు అంత దూరం ఎందుకెళ్లాడు? ఆ టికెట్ డబ్బులేవో వాళ్లకే పంపిస్తే అయిపోయేదిగా!"

ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు "నీకు తెలీదులే" అనేయడం మా పెద్దవాళ్లకు అలవాటు. నాకు మాత్రం ఇది మంచి ప్రశ్న అనిపించింది.

ముందు అక్కడేం జరిగిందో వినండి. 2015 ఏప్రిల్ 25, శనివారం, పగలు పన్నెండుకి నాలుగు నిమిషాలు తక్కువ. గోర్ఖా జిల్లాలో బార్పాక్ అనే కొండ ఊరి దగ్గర భూమి కదిలింది. తీవ్రత 7.8. ఇంకా తేరుకోకముందే మే 12న మళ్లీ 7.3. దాదాపు తొమ్మిది వేలమంది పోయారు. అయిదు లక్షల పైచిలుకు ఇళ్లు నేలమట్టమయ్యాయి. నేపాల్లో వారానికి సెలవు ఆదివారం కాదు, శనివారం. వేల తరగతి గదులు కూలిన ఆ పూట బడుల్లో పిల్లలు లేరు. అదే శుక్రవారమైతే అన్న ఆలోచన నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కొండ ఊళ్లలో ఇళ్లు రాయీ మట్టీ కలిపి కట్టినవి. మూరెడు మందం గోడ. బయటివైపు ఒక వరస, లోపలివైపు ఒక వరస పేర్చి, మధ్యలో చిన్నరాళ్లూ మట్టీ నింపేస్తారు. ఊపు రాగానే ఆ రెండు వరసలూ విడిపోయి చెరో పక్కకూ ఒరిగిపోతాయి. వాటిని కలిపి పట్టుకునేది ఏదీ ఉండదు. అలా కాకుండా ఉండాలంటే అక్కడక్కడా గోడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా వచ్చే పొడవాటి రాయి పెట్టాలి. పునాది మీద, కిటికీ కింద, తలుపుల పైన లింటెల్ దగ్గర, కప్పు కింద ఇంటి చుట్టూ చెక్కతోనో కాంక్రీటుతోనో బెల్టు వేయాలి. భూకంపం తర్వాత అక్కడి మేస్త్రీలు నేర్చుకున్నది ఇదే. మగవాళ్లు చాలామంది ఖతర్‌లోనో మలేసియాలోనో ఉన్నారు, మన జగిత్యాల, సిరిసిల్ల వాళ్లు గల్ఫ్‌లో ఉన్నట్టే. అందుకని ఆడవాళ్లూ తాపీ పట్టారు.

ఇక బుజ్జి ప్రశ్న. పాతకాలం పెళ్లిల్లు ఊహించుకోండి. ఫంక్షన్ హాలు కాదు, వాకిట్లో పందిరి, పెరట్లో గాడిపొయ్యి. అక్కడ వంట మేస్త్రి ఉంటాడు. గుండిగలో ఎసరు ఎంత, బియ్యం ఎప్పుడు పోయాలి అన్నది ఆయనకే తెలుసు. గరిటె ఇంకొకరి చేతికివ్వడు. అలాగని ఆయనొక్కడే పెళ్లి వంట చేయలేడు. కొబ్బరి కోరాలి, వంకాయలు తరగాలి, నీళ్లు తోడాలి, విస్తళ్లు వేయాలి. దానికి చుట్టాలు కావాలి. ఒక పిన్ని వస్తూనే కొంగు దోపి "ఏం తరగమంటారు?" అని కత్తిపీట ముందు కూర్చుంటుంది. ఇంకో అత్తయ్య "మా వైపు పులిహోర ఇలా చేయరు" అంటూ మేస్త్రి నెత్తిన నిలబడుతుంది. ఆవిడకు గంటగంటకూ కాఫీ, పడుకోవడానికి మంచం, పైగా అలగకుండా చూసుకోవడానికి ఒక మనిషి.

మా వాడు కత్తిపీట ముందు కూర్చున్న రకం. సింధుపాల్చోక్ జిల్లాలో ఒక బడి కడుతున్నారు. ఆ భూకంపంలో ఎక్కువమంది చనిపోయిన జిల్లా అదే. గోడ కట్టింది ఊరి డకర్మీలు, అంటే తాపీ మేస్త్రీలు. వీడి పని పాత గోడ రాళ్లలోంచి పనికొచ్చేవి ఏరడం, ఇసుక జల్లించడం, వరసగా నిలబడి రాయిని చేతికి చేయి అందించడం. తర్వాత డోకో. అది వెదురుబుట్ట, వీపున వేసుకుని దాని పట్టీ నుదుటికి తగిలించి మోస్తారు. మొదటిరోజు మధ్యాహ్నానికి వీడి మెడ తిరగలేదట. సగం బుట్టతో గట్టెక్కుతుంటే, వాళ్ల నాయనమ్మ వయసావిడ నిండు బుట్టతో దాటి వెళ్లి, పైన నిలబడి వీడి కోసం ఆగిందట. తన బుట్ట అవతల పెట్టేశాక ఒక్క మాటా అనకుండా వీడి పట్టీని రెండు వేళ్లు పైకి జరిపిందట. అప్పుడుగానీ బరువు సరిగ్గా కూర్చోలేదు.

పెళ్లిల్లు అన్నానని అక్కడ మేళాలు మోగాయనుకునేరు. చావులు చూసిన ఊరది. పోలిక వంటింటి వరకే. కానీ దాన్ని ఇంకాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి. పెళ్లికి ముహూర్తం ఉంటుందిగా? అమెరికా పిల్లల పెద్ద సెలవులు జూన్, జులై, ఆగస్టు. నేపాల్లో అప్పుడు వానాకాలం, వరినాట్లు. కొండచరియలు జారి దారులు మూసుకుపోతాయి, మట్టిగోడ ఎవరూ ఎత్తరు. అప్పుడు దిగిన చుట్టాలకు పని లేకపోయినా పని వెతికిపెట్టాలి, నాట్లు మానుకుని వండిపెట్టాలి. చుట్టాల బళ్లతో వీధి నిండిపోవడం కూడా ఉంది. ఖాట్మండు విమానాశ్రయానికి ఉన్నది ఒకటే రన్‌వే. సాయం మోసుకొచ్చిన పెద్ద పెద్ద విమానాల బరువుకు అది దెబ్బతింటుంటే, భూకంపం వచ్చిన పది రోజుల్లోపే పెద్దవాటిని దిగనివ్వడం ఆపేశారు.

ఇదంతా నాకు ఎలా తెలుసంటే, మేమూ ఒకప్పుడు ఆ పెళ్లివారమే. మాది దివిసీమ పక్క పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. సముద్రం ఇరవై అడుగుల దాకా లేచి ఊళ్ల మీద పడింది. సర్కారు లెక్కలోనే పదివేలమంది. ఆ తర్వాత లారీలొచ్చాయి. మా వీధి చివర ఒక లారీ బట్టల మూటలు దించి వెళ్లిపోయింది. విప్పితే ఉన్ని కోట్లు, ఒంటి కాలి బూట్లు, నాలుగు టైలు. పిల్లలం టైలు నడుముకు కట్టుకుని ఆడుకున్నాం. మా నాయనమ్మకు కావాల్సింది ఒక బిందె, ఒక పొడి చీర.

మరో రోజు కాలేజీ కుర్రాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక పొడుగాటి అబ్బాయి నాయనమ్మ దగ్గరికొచ్చి "ముందు ఏం చేయమంటారమ్మా?" అని అడిగాడు. ఆవిడ మాట్లాడకుండా బావి చూపించింది. నిండా సముద్రపు నీరు, పైన ఎండుగడ్డీ చెత్తా. వాళ్లు తోడటం మొదలుపెట్టారు. తోడితే ఊరుతుంది, ఊరితే మళ్లీ తోడాలి. తాడు లాగడానికి మేమూ వంతులేసుకున్నాం. రోజూ సాయంత్రం నాయనమ్మ ఒక చుక్క నాలిక చివర పెట్టుకుని ఉమ్మేసేది. ఆ అబ్బాయి ఆవిడ మొహంలోకే చూసేవాడు. చివరికి ఒకరోజు ఉమ్మలేదు, మింగింది. "ఉప్పు విరిగిందిరా" అంది. ఆ అబ్బాయి పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

అలాంటివాళ్లు సముద్రాలు దాటి రావడం కూడా ఇవాళ్టి సంగతి కాదు. పియర్ సెరెసోల్ అని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. 1920లో, మొదటి ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన ఒక ఫ్రెంచి ఊరిని బాగుచేద్దామని, వెర్డన్ దగ్గరికి కొంతమందిని వెంటబెట్టుకెళ్లాడు. వాళ్లలో జర్మన్లు కూడా ఉన్నారు, అంటే మొన్నటిదాకా ఆ ఊరికి శత్రువులు! కొన్ని నెలలకే ఊరివాళ్లు వద్దనేశారు. సెరెసోల్ మానలేదు. 1934 జనవరి 15న బీహార్, నేపాల్ కలిపి కుదిపేసిన భూకంపం వచ్చినప్పుడు, యాభై దాటిన వయసులో ఓడెక్కి మన దేశం వచ్చి, కొద్దిమంది తోడుతో ముజఫర్‌పూర్ వైపు పల్లెలు మళ్లీ కట్టడంలో మట్టి మోశాడు.

ఒక్క పని మాత్రం మీరు ఎప్పుడూ చేయకండి. "అక్కడ అనాథ పిల్లలున్నారు, వారం రోజులు ఆడించి వద్దాం" అని ఎవరైనా అంటే వెళ్లకండి. నేపాల్లో అలాంటి ఇళ్లలో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. చూడటానికొచ్చే విదేశీయుల డబ్బు కోసమే పిల్లల్ని ఊళ్లనుంచి తెచ్చి పెట్టేవాళ్లున్నారు. భూకంపం తర్వాత తల్లిదండ్రులు వెంట లేకుండా, అనుమతి లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది కూడా. రాళ్లు మోయండి, పిల్లల్ని మాత్రం వాళ్లవాళ్ల దగ్గర ఉండనివ్వండి.

టికెట్ లెక్కకు వద్దాం. ఇల్లు కూలినవాళ్లకు నేపాల్ ప్రభుత్వం మూడు లక్షల నేపాలీ రూపాయలు ఇచ్చింది, గోడ ఎంతవరకూ లేచిందో ఇంజనీరు చూశాక విడతలవారీగా. మన డబ్బుల్లో లక్షా ఎనభై ఏడువేల అయిదొందలు. మావాడి టికెట్ లక్షకు అటూ ఇటూ. అంటే ఒక ఇంటికిచ్చిన ఆ సాయంలో దాదాపు సగం. బుజ్జి లెక్క తప్పు కాదు. ఏదో ఒకటే చేయగలం అంటే నేనూ డబ్బే పంపమంటాను.

కానీ 2023 నవంబరు 3 రాత్రి నేపాల్లోనే జాజర్‌కోట్‌లో భూకంపం వచ్చి నూట యాభై మందికి పైగా పోయారు. మళ్లీ ఆ రాయీ మట్టీ ఇళ్లే. వార్త విన్న వెంటనే మావాడు సింధుపాల్చోక్ డకర్మీకి ఫోన్ చేసి, అక్కడ ఎవర్ని అడగాలి, చలికి ఏం కావాలి అని కనుక్కుని, ఆ తర్వాతే డబ్బు పంపాడు. పదహారేళ్లప్పుడు మెడ పట్టేయకపోయుంటే ఫోన్ చేసేవాడా? నేను చెప్పలేను. దీన్ని టికెట్ లెక్కలో ఏ గడిలో వేయాలో కూడా నాకు తెలియదు.

ఆదివారం మీ వీధిలో కడుతున్న ఇల్లు ఏదైనా ఉంటే పొద్దున్నే వెళ్లండి. "మేస్త్రి గారూ, లోపలికి రావచ్చా?" అని అడిగి, రమ్మన్నాకే అడుగుపెట్టండి. తలుపుల పైన ఇంటి చుట్టూ తిరిగే లింటెల్ బెల్టు ఎక్కడైనా తెగిందేమో చూడండి. పాత రాతిగోడ కనిపిస్తే, రెండు మొహాలనూ కలిపే పొడవాటి రాళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఆయన ఖాళీగా ఉంటే గోడకు ఎన్ని రోజులు నీళ్లు కొట్టాలో అడగండి. పైపు అందించమంటే అందించండి.

మీ
తాతయ్య